ప్రాజెక్టు మేనేజ్‌మెంట్‌లో మొదటి అడుగు: క్యాప్‌ఎమ్, గూగుల్ కోర్సు, స్క్రమ్, ఎన్‌పీటెల్‌లలో ఎవరికి ఏది?

ఉద్యోగంలో చేరి రెండేళ్లు గడిచినవారు, డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నవారు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "పీఎంపీ చేస్తే మంచిదా?" దీనికి జవాబు చెప్పే ముందు ఎదురు ప్రశ్న వేయక తప్పదు. ఇప్పటివరకు ఏదైనా ప్రాజెక్టును మీరు ముందుండి నడిపించారా? పీఎంపీ అనేది ప్రాజెక్టు మేనేజర్లకు ఇచ్చే వృత్తి గుర్తింపు. ఆ పరీక్షను నిర్వహించే పీఎంఐ (ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్) అనే అమెరికా సంస్థ, బ్యాచిలర్ డిగ్రీ ఉన్నవారి నుంచి 36 నెలల నిర్వహణ అనుభవాన్ని, దానికి తోడు 35 గంటల శిక్షణను కోరుతుంది. డిగ్రీ లేనివారికైతే ఆ అనుభవం 60 నెలలు ఉండాలి. జట్టులో ఒకరిగా కోడు రాసిన కాలం, సైటులో కొలతలు తీసిన కాలం ఈ లెక్కలోకి రావు. కొన్ని దరఖాస్తులను ఆ సంస్థ ఆడిట్‌కు ఎంపిక చేసి, మీరు రాసిన అనుభవం నిజమేనని మీతో పనిచేసినవారి చేత ధ్రువీకరణ కూడా అడుగుతుంది. అందువల్ల కొత్తవారు పీఎంపీని ప్రస్తుతానికి పక్కన పెట్టవచ్చు. నాలుగైదేళ్ల తర్వాత దాని సంగతి చూసుకోవచ్చు.

మరి ఇప్పుడు ఏం చేయాలి? చేతికి అందేవి ప్రధానంగా ఐదు దారులు: కోర్సెరా అనే ఆన్‌లైన్ చదువుల వేదికలో ఉన్న గూగుల్ సర్టిఫికెట్, పీఎంఐ వారి తొలి స్థాయి పరీక్ష క్యాప్‌ఎమ్, సాఫ్ట్‌వేర్ జట్ల పని పద్ధతి అయిన స్క్రమ్‌పై పెట్టే స్క్రమ్ మాస్టర్ పరీక్షలు, ప్రభుత్వ ఆన్‌లైన్ చదువుల వేదిక స్వయంపై ఉన్న ఎన్‌పీటెల్ కోర్సులు, బ్రిటన్ నుంచి వచ్చిన ప్రిన్స్2 అనే ప్రాజెక్టు నిర్వహణ పద్ధతి. వీటిలో ఏది గొప్పదన్న చర్చ వల్ల పెద్దగా ప్రయోజనం లేదు. మీరు చేయబోయే పని ఎలాంటిదో తేల్చుకుంటే ఐదింటిలో మూడు వాటంతటవే తప్పుకుంటాయి. అయితే అంతకన్నా ముందు, డబ్బు కట్టకుండానే చేసుకోగల పరీక్ష ఒకటుంది.

ముందుగా ఒక ఇంటి లెక్క

ఏ కోర్సైనా మొదటి నెలలో నేర్పే సరుకు ఇంచుమించు ఒక్కటే. పనిని ముక్కలు చేయడం, వాటిలో ఏది ముందో ఏది వెనుకో తేల్చడం, ఒక్కోదానికి పట్టే కాలాన్నీ ఖర్చునూ అంచనా వేయడం, ఎక్కడ బెడిసికొట్టవచ్చో ముందే రాసి పెట్టుకోవడం, ఎవరికి ఏ సంగతి ఎప్పుడు చెప్పాలో నిర్ణయించుకోవడం. వినడానికి ఇవన్నీ తెలిసిన మాటలే. కాగితం మీద పెట్టినప్పుడే తెలియనిది ఎంతో బయటపడుతుంది.

గోడలు లేచి, స్లాబు పోసిన ఒక ఇంటిని తీసుకుందాం. స్లాబు పోసిన నాటి నుంచి 45వ రోజున గృహప్రవేశానికి ముహూర్తం పెట్టించారు. హాలు పైకప్పు ఆధారాల మధ్య దూరం 4.5 మీటర్లు దాటింది కనుక, కాంక్రీటు పనులకు మన దేశంలో ఉన్న ఐఎస్ 456 ప్రమాణం ప్రకారం స్లాబు కింది సెంట్రింగ్ సపోర్టులను 14 రోజుల వరకు తీయకూడదు. దూరం అంతకు లోపల ఉంటే 7 రోజులు సరిపోయేవి. సపోర్టులు తీశాక లోపలి ప్లాస్టరింగ్‌కు 12 రోజులు, ఫ్లోరింగ్‌కు 11 రోజులు, రంగులకు 10 రోజులు పడతాయని మేస్త్రీలను అడిగి లెక్క వేశారు. అన్నీ కలిపితే 47 రోజులు, అంటే ముహూర్తానికి రెండు రోజులు ఎక్కువ. మరో పక్క వడ్రంగి తన షెడ్డులో తలుపుల రెక్కలు చేస్తున్నాడు. అతనికి 30 రోజులు కావాలి, రంగుల పని మొదలయ్యేలోగా అవి బిగించి ఉండాలి.

ఇక్కడ ఇంట్లోవాళ్లందరూ ఫోను చేసి కేకలేసేది వడ్రంగి మీదే, ఎందుకంటే అన్నిటికన్నా ఎక్కువ రోజులు అడిగింది అతనే. కానీ లెక్క చూడండి. రంగులు మొదలయ్యేది 14, 12, 11 కలిపి 37 రోజులు గడిచాక. తలుపులు 30 రోజులకే సిద్ధమవుతాయి. అంటే వడ్రంగి చేతిలో ఇంకా ఏడు రోజుల వెసులుబాటు ఉంది, అతన్ని తొందరపెట్టి అదనంగా డబ్బు ఇచ్చినా ముహూర్తానికి ఒక్క రోజు కలిసిరాదు. సపోర్టులను ముందే పీకేయడం ప్రాణాలతో చెలగాటం కాబట్టి ఆ 14 రోజుల జోలికి వెళ్లకూడదు. మిగిలింది ప్లాస్టరింగ్, ఫ్లోరింగ్, రంగులు. ప్లాస్టరింగ్‌కు ఇంకొక మేస్త్రీని, ఇద్దరు కూలీలను పెట్టి 12 రోజుల పనిని 10 రోజుల్లో ముగిస్తే, ఖర్చు కాస్త పెరిగినా ముహూర్తం నిలుస్తుంది.

ఏ ముక్క ఒక్క రోజు జారినా మొత్తం పని ఒక్క రోజు జారుతుందో, అలాంటి ముక్కల వరుసనే క్రిటికల్ పాత్ అంటారు. 1957 ప్రాంతంలో అమెరికాలో డ్యూపాంట్ సంస్థ తన రసాయన కర్మాగారాల పనుల కోసం రెమింగ్టన్ ర్యాండ్ సంస్థతో కలిసి ఈ పద్ధతిని రూపొందించింది. మరుసటి ఏడాది అక్కడి నౌకాదళం పొలారిస్ క్షిపణి కార్యక్రమం కోసం పెర్ట్ అనే సోదర పద్ధతిని తయారుచేసుకుంది. పైన ఫ్లోరింగ్‌కు 11 రోజులని చెప్పడం వెనుక ఉన్నది ఆ పెర్ట్ లెక్కే. అంతా కలిసివస్తే 8 రోజులు, మామూలుగా 10, టైల్స్ లారీ ఆలస్యమై మేస్త్రీ వేరే పనికి పోతే 18. మామూలు అంచనాను నాలుగుతో గుణించి, మిగతా రెండింటిని కలిపి, ఆరుతో భాగిస్తే 66 బై 6, అంటే 11.

ఈ ఉదాహరణ స్థానంలో మీకు తెలిసిన పనిని పెట్టుకోండి. చెల్లెలి పెళ్లి, కాలేజీ ఫెస్ట్, ఆఫీసు కొత్త భవనంలోకి మారడం, ఏదైనా సరే. ఒక ఆదివారం కూర్చుని ముప్పై నలభై ముక్కలుగా రాసి, ప్రతి ముక్క పక్కన "దీనికి ముందు ఏం అయిపోవాలి" అన్న గడిని నింపండి. ఆ పని విసుగనిపించకుండా, పూర్తయ్యేదాకా లేవబుద్ధి కాకపోతే ఈ రంగం మీకు సరిపోతుంది. పదో ముక్క దగ్గరే ఫోను చేతిలోకి తీసుకుంటే, వేల రూపాయల కోర్సు ఆ స్వభావాన్ని మార్చదు. ఈ పరీక్షను నేను మొహమాటం లేకుండా అందరికీ ముందు చెబుతాను, కోర్సుల సంగతి ఆ తర్వాతే.

మీ పని ఇల్లు లాంటిదా, యాప్ లాంటిదా?

ఇంటి పనికి ఒక గుణం ఉంది. చివరికి ఏం తయారు కావాలో ప్లాను మీద ముందే తెలుసు, మధ్యలో మనసు మార్చుకుంటే గోడ పగలగొట్టాలి. మొబైల్ యాప్ అలాంటిది కాదు. మొదటి రూపం జనం చేతిలోకి వెళ్లాక గానీ వారికి ఏం కావాలో మనకూ తెలియదు, వారికీ తెలియదు. మొదటి రకానికి ముందస్తు ప్రణాళిక పద్ధతి నప్పుతుంది. రెండో రకానికి చిన్న చిన్న విడతలుగా చేసి, చూపించి, దిద్దుకునే అజైల్ పద్ధతి నప్పుతుంది. ఈ రెండో ఆలోచనకు 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో, స్నోబర్డ్ అనే మంచు కొండల విడిదిలో కలిసిన 17 మంది సాఫ్ట్‌వేర్ నిపుణులు అక్షరరూపం ఇచ్చారు. నాలుగు విలువలు, పన్నెండు సూత్రాలుగా వారు రాసిన ఆ ప్రకటన ఒక్క పేజీ చదువు.

హైదరాబాద్ హైటెక్ సిటీలోని సాఫ్ట్‌వేర్ కొలువులకు, గల్ఫ్‌లోని నిర్మాణ కొలువులకు మధ్య కోర్సు ఎంపికలో వచ్చే తేడా అంతా ఇక్కడి నుంచే మొదలవుతుంది. చాలా కార్యాలయాల్లో రెండు పద్ధతులూ కలగలిసి ఉంటాయన్నది నిజమే. బడ్జెట్, ఒప్పందం, గడువు ముందే బిగుస్తాయి, లోపలి పని మాత్రం విడతలుగా సాగుతుంది. అయినా మీ రోజువారీ పనిలో ఎటువైపు మొగ్గు ఎక్కువో మీకు తెలిసే ఉంటుంది.

గూగుల్ సర్టిఫికెట్, క్యాప్‌ఎమ్: రెండింటి మధ్య అసలు తేడా

ఎటూ తేల్చుకోలేనివారు, బీకామ్, బీఎస్సీ, బీఏ వంటి నేపథ్యం నుంచి వచ్చేవారు ఎక్కువగా తూచి చూసే జంట ఇది. నిజానికి ఇవి ఒకదానికొకటి పోటీ కావు, ఎందుకంటే మొదటిది కోర్సు, రెండోది పరీక్ష. ఈ తేడాను గమనించకపోవడం వల్లనే చాలామంది రెండింటి ధరలను పక్కపక్కన పెట్టి ఏది చవకని చూస్తారు.

గూగుల్ సర్టిఫికెట్ 2021లో ఆరు కోర్సుల వరుసగా మొదలైంది. వారానికి పది గంటల లోపు కేటాయిస్తే ఆరు నెలల్లో పూర్తవుతుందని వారి అంచనా. రుసుము నెలవారీ చందా కాబట్టి, తొందరగా ముగించినవారికి తక్కువ పడుతుంది, సాగదీసినవారికి ఎక్కువవుతుంది. ఆదాయం లేనివారు ఆర్థిక సహాయానికి దరఖాస్తు కూడా పెట్టుకోవచ్చు. చేరడానికి ముందస్తు అర్హత ఏదీ అడగరు. ఈ కోర్సులో నాకు నచ్చినది దాని ఉదాహరణల తీరు. ఆఫీసు బల్లల మీదకు చిన్న మొక్కలు సరఫరా చేసే ఒక ఊహా సంస్థ కొత్త సేవను మొదలుపెట్టడం, ఒక రెస్టారెంట్ల గొలుసు తన బల్లల మీద మెనూ ట్యాబ్లెట్లు అమర్చడం వంటి పనులను చేతికిచ్చి, ప్రాజెక్టు చార్టర్ మొదలుకొని ముగింపు నివేదిక దాకా అన్ని పత్రాలనూ విద్యార్థి చేతే రాయిస్తారు. చార్టర్ అంటే ఈ పని ఎందుకు చేస్తున్నాం, ఎక్కడికి ఆగుతాం, ఎవరు డబ్బిస్తారు, ఎవరు జవాబుదారీ అన్న సంగతులను ఒకటి రెండు పేజీల్లో పెట్టే పత్రం. ఒకసారి అలాంటిది స్వయంగా రాసినవారికీ, రాయనివారికీ మధ్య తేడా ఇంటర్వ్యూలో అయిదు నిమిషాల్లో తెలిసిపోతుంది.

దీని బలహీనత కూడా అక్కడే ఉంది. చాలా అభ్యాసాల్లో మీరు రాసినదాన్ని వారిచ్చిన నమూనాతో మీరే పోల్చుకోవాలి, తప్పు చేస్తే పట్టుకునే గురువు ఉండడు. నమూనా తెరిచి, చూసి, "నేనూ ఇలాగే రాసేవాణ్ణి" అనుకుని ముందుకు పోయేవారికి సర్టిఫికెట్ వస్తుంది కానీ చేయి తిరగదు.

క్యాప్‌ఎమ్ ఇందుకు పూర్తిగా భిన్నం. ఇంటర్ స్థాయి చదువు, 23 గంటల ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ శిక్షణ ఉంటే రాయవచ్చు, పని అనుభవం అక్కర్లేదు. మూడు గంటల్లో 150 ప్రశ్నలు. 2023లో మార్చిన సిలబస్ ప్రకారం మూల భావనలకు 36 శాతం, ముందస్తు ప్రణాళిక పద్ధతులకు 17 శాతం, అజైల్‌కు 20 శాతం, బిజినెస్ అనాలిసిస్‌కు 27 శాతం ప్రశ్నలు కేటాయించారు. చివరి అంకెను మరోసారి చూడండి. నాలుగో వంతుకు పైగా ప్రశ్నలు అవసరాలను సేకరించడం, వాటిని రాతలో పెట్టడం మీద వస్తాయి, పాత నోట్సులతో చదివినవారు దెబ్బతినేది ఇక్కడే. కోఠిలో పాత పుస్తకాల దుకాణాల్లో పీఎంఐ వారి ప్రామాణిక పుస్తకం పింబాక్ గైడ్ ఆరో ఎడిషన్ కనబడుతుంటుంది. 2017 నాటి ఆ పుస్తకంలో 49 ప్రక్రియలు, పది విజ్ఞాన విభాగాలు ఉంటాయి. 2021 నాటి ఏడో ఎడిషన్‌ను ఆ చట్రాన్నే పక్కన పెట్టి పన్నెండు సూత్రాలు, ఎనిమిది పనితీరు రంగాల చుట్టూ అల్లారు. పాతదాన్ని కొనవద్దని నేను చెప్పను, ఎందుకంటే ఒక పని మొదటి నుంచి చివరిదాకా ఎలా నడుస్తుందో తెలుసుకోవడానికి కొత్తవారికి అదే ఎక్కువ పనికొస్తుంది. పరీక్షకు మాత్రం దాన్ని నమ్ముకోవద్దు.

క్యాప్‌ఎమ్ సర్టిఫికెట్ మూడేళ్లు చెల్లుతుంది, ఆ లోపు 15 గంటల నిరంతర అభ్యసనం చూపించి పొడిగించుకోవాలి. రేపు పీఎంపీకి వెళ్లేటప్పుడు, క్యాప్‌ఎమ్ చెల్లుబాటులో ఉంటే ఆ 35 గంటల శిక్షణ నిబంధన దానితోనే తీరిపోతుంది. మరో వైపు, గూగుల్ సర్టిఫికెట్‌లోని వందకు పైగా గంటలు క్యాప్‌ఎమ్ అడిగే 23 గంటలను సునాయాసంగా తీరుస్తాయి. అంటే ఈ రెండూ మెట్ల వరుసలా అమరాయి. ముందు గూగుల్ కోర్సు పూర్తిచేసి, ఉద్యోగ ప్రయత్నాలు మొదలుపెట్టి, అక్కడ అవసరమనిపిస్తే క్యాప్‌ఎమ్ రుసుము కట్టడం మంచి క్రమం. డాలర్లలో కట్టే పరీక్ష రుసుము కొత్తవారికి చిన్న మొత్తం కాదు. పీఎంఐ సభ్యులకు అది తగ్గుతుంది కాబట్టి, సభ్యత్వ రుసుమునూ కలిపి రెండు విధాలా లెక్క వేసి చూసుకోండి. హైదరాబాద్‌లో పీఎంఐకి పర్ల్ సిటీ చాప్టర్ ఉంది. మన నగరానికున్న ముత్యాల పేరే దానికి పెట్టారు. అక్కడి సమావేశాలకు రెండు మూడు సార్లు వెళ్లినా, ఈ రంగంలో ఉన్నవారు రోజూ ఏం మాట్లాడుకుంటారో తెలుస్తుంది.

స్క్రమ్ పరీక్షలు: తక్కువ కాలం, ఇరుకు దారి

సాఫ్ట్‌వేర్ జట్టులో ఇప్పటికే పనిచేస్తున్నవారికి, అజైల్ పద్ధతుల్లో ఒకటైన స్క్రమ్ సహజమైన మొదటి మెట్టు. దీని మూలగ్రంథమైన స్క్రమ్ గైడ్‌ను కెన్ ష్వాబర్, జెఫ్ సదర్లాండ్ రాశారు. 2020 నవంబరులో సవరించిన ఆ చిన్న పుస్తకం పదిహేను పేజీలు కూడా ఉండదు, ఉచితంగా దొరుకుతుంది. నెల మించని పని విడత అయిన స్ప్రింట్, పదిహేను నిమిషాలకు మించని రోజువారీ సమావేశం డైలీ స్క్రమ్, స్ప్రింట్ చివర చేసినది చూపించే రివ్యూ, పని తీరును సమీక్షించుకునే రెట్రాస్పెక్టివ్. ఇవన్నీ ఒక సాయంత్రం చదువుకే వచ్చేస్తాయి. చదివాక, మీ జట్టులో "స్టాండప్" పేరుతో ముప్పావుగంట నడిచే సమావేశం ఆ పుస్తకంలో చెప్పినదానికి ఎంత దూరంలో ఉందో మీకే అర్థమవుతుంది.

పరీక్షల్లో రెండు ప్రధానమైనవి, రెండింటిని నడిపే సంస్థల పుట్టుకలోనూ ష్వాబర్ చేయి ఉండటం ఒక విశేషం. స్క్రమ్.ఆర్గ్ వారి పీఎస్‌ఎమ్ (ప్రొఫెషనల్ స్క్రమ్ మాస్టర్) మొదటి స్థాయికి కోర్సు తప్పనిసరి కాదు. 60 నిమిషాల్లో 80 ప్రశ్నలు, 85 శాతం వస్తేనే ఉత్తీర్ణత, ఒక్కో ప్రశ్నకు దొరికేది 45 సెకన్లు. ఒకసారి వచ్చిన సర్టిఫికెట్‌కు గడువు లేదు. స్క్రమ్ అలయన్స్ వారి సీఎస్‌ఎమ్ (సర్టిఫైడ్ స్క్రమ్ మాస్టర్) పరీక్షకు గుర్తింపు పొందిన శిక్షకుడి దగ్గర కోర్సు చేయడం తప్పనిసరి. ఆ తర్వాతి పరీక్షలో 50 ప్రశ్నలకు 37 సరిపోతాయి, రెండేళ్లకోసారి రుసుము కట్టి పొడిగించుకోవాలి. సొంతంగా చదివే అలవాటున్నవారికి పీఎస్‌ఎమ్ అన్ని విధాలా లాభం. ఎదురుగా గురువు ఉండి, నలుగురితో కలిసి చేస్తే తప్ప బుర్రకెక్కదనుకునేవారు, లేదా కంపెనీయే ఖర్చు భరిస్తున్నవారు సీఎస్‌ఎమ్ వైపు వెళ్లవచ్చు. స్క్రమ్.ఆర్గ్‌లో ఉచితంగా దొరికే స్క్రమ్ ఓపెన్ అనే 30 ప్రశ్నల అభ్యాస పరీక్షలో వరుసగా మూడు నాలుగు సార్లు పూర్తి మార్కులు వచ్చేదాకా అసలు పరీక్షకు రుసుము కట్టకండి.

ఇంత చెప్పాక ఒక హెచ్చరిక కూడా అవసరం. స్క్రమ్ గైడ్‌లో ఉన్న బాధ్యతలు మూడే, ఏం తయారు చేయాలో తేల్చే ప్రొడక్ట్ ఓనర్, పద్ధతి సరిగా నడిచేలా చూసే స్క్రమ్ మాస్టర్, పని చేసే డెవలపర్లు. ప్రాజెక్టు మేనేజర్ అన్న మాటకు అందులో చోటే లేదు. బడ్జెట్ ఎలా వేయాలి, సరఫరాదారుతో ఒప్పందం ఎలా రాసుకోవాలి, మూడు జట్ల పని ఒకదానిమీద ఒకటి ఆధారపడితే గడువు ఎలా లెక్కించాలి అన్న ప్రశ్నలకు అది జవాబివ్వదు, ఇస్తానని కూడా చెప్పదు. స్క్రమ్ మాస్టర్ సర్టిఫికెట్ ఒక్కటే చేతిలో పెట్టుకుని ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ వచ్చిందనుకునేవారు, పైన చెప్పిన ఇంటి లెక్క దగ్గరే తడబడటం నేను చాలాసార్లు చూశాను.

సివిల్, మెకానికల్ వారికి ఎన్‌పీటెల్, దానికి తోడు ఒక సాఫ్ట్‌వేర్

నిర్మాణ రంగం, కర్మాగారాలు, విద్యుత్ ప్రాజెక్టుల వైపు వెళ్లేవారికి నా ఓటు ఎన్‌పీటెల్‌కే. ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి నడిపే ఈ కార్యక్రమంలో ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ మీద పలు కోర్సులు ఉన్నాయి. పనుల వరుసను చూపే నెట్‌వర్క్ చిత్రాలు, పెర్ట్, సీపీఎం (క్రిటికల్ పాత్ పద్ధతి), వనరుల సర్దుబాటు వంటివాటిని లెక్కలతో సహా బోర్డు మీద చేసి చూపించే ఓపిక వీటిలో కనిపిస్తుంది. వీడియోలు చూడటం, వారం వారం అసైన్‌మెంట్లు చేయడం పూర్తిగా ఉచితం. సర్టిఫికెట్ కావాలంటేనే వెయ్యి రూపాయల స్థాయి రుసుము కట్టి, హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాల్లోని కేంద్రంలో స్వయంగా కూర్చుని పరీక్ష రాయాలి. మొత్తం మార్కుల్లో 25 అసైన్‌మెంట్లకు, 75 పరీక్షకు ఉంటాయి. సెమిస్టర్ ప్రకారం నడుస్తాయి కాబట్టి మీకు తీరికైనప్పుడు మొదలుపెట్టే వీలుండదు, జనవరి, జూలై విడతల ప్రకటనల కోసం చూసుకోవాలి.

ఇంత తక్కువ ఖర్చులో ఇంత గట్టి చదువు మరొకటి లేదన్నది నా అభిప్రాయం. అయితే ఐటీ కంపెనీల నియామక విభాగాలు గూగుల్, పీఎంఐ పేర్లను గుర్తుపట్టినంత సులభంగా దీన్ని గుర్తుపట్టవు, అది అన్యాయమే అయినా వాస్తవం.

ఎన్‌పీటెల్‌తో సిద్ధాంతం వచ్చాక, ప్లానింగ్ ఇంజినీరు కొలువుకు పనుల షెడ్యూలు వేసే సాఫ్ట్‌వేర్ తప్పదు. దుబాయ్, దోహా, రియాద్ వైపు పెద్ద నిర్మాణ సంస్థల్లో చేరాలనుకునేవారు ఒరాకిల్ వారి ప్రైమవెరా పీ6 నేర్చుకోవాలి. చిన్న, మధ్య స్థాయి కాంట్రాక్టర్ల దగ్గర ఎంఎస్ ప్రాజెక్ట్ సరిపోతుంది. రెండింటిలో ఏది ముందన్న సందేహం ఉంటే, ఉచితంగా దొరికే ప్రాజెక్ట్‌లిబ్రేలో పై ఇంటి లెక్కను ఎక్కించి చూడండి. అది ఎంఎస్ ప్రాజెక్ట్ పద్ధతిలోనే పనిచేస్తుంది. పనుల మధ్య లింకులు ఇవ్వకుండా తేదీలను చేత్తో టైపు చేసే అలవాటు పడితే మాత్రం, ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేరైనా రంగుల ఎక్సెల్ షీటుగా మిగిలిపోతుంది.

రెండేళ్ల కాలం, పీజీ రుసుము రెండూ భరించగలిగిన సివిల్ పట్టభద్రులకు శామీర్‌పేట దగ్గరున్న నిక్మార్ అనే నిర్మాణ నిర్వహణ విద్యాసంస్థ వంటి చోట్ల పూర్తికాల కోర్సులు ఉన్నాయి. అది జీవిత నిర్ణయం స్థాయి విషయం కాబట్టి ఈ పోలికలోకి తీసుకురావడం లేదు.

ప్రిన్స్2 ఎవరికి?

బ్రిటన్ ప్రభుత్వ విభాగాల్లో పుట్టి, 1996లో ఇప్పటి పేరుతో వచ్చిన ప్రిన్స్2 క్రమశిక్షణ ఉన్న పద్ధతే. ఫౌండేషన్ పరీక్షకు ముందస్తు అర్హత అక్కర్లేదు, గంటలో 60 ప్రశ్నలు. ఎంఎస్ కోసం బ్రిటన్ వెళ్తున్నవారు, ఆ దేశపు క్లయింట్లతో పనిచేసే జట్లలో ఉన్నవారు తప్ప మిగతావారు దీనితో మొదలుపెట్టాల్సిన అవసరం నాకు కనిపించదు.

అమీర్‌పేట శిక్షణ సంగతి

మైత్రీవనం చుట్టుపక్కల గోడల మీద పీఎంపీ, స్క్రమ్ మాస్టర్ పేర్లు కనబడని సందు లేదు. నేర్చుకునే వేళ ఒకటి నిర్ణయమై ఉండటం, సందేహం వస్తే తెలుగులోనే అడిగే వీలుండటం, పక్క బెంచీవారితో కలిసి చదవడం వల్ల కోర్సు మధ్యలో వదిలేయకపోవడం ఇక్కడి లాభాలు. ఇవి చిన్నవి కావు. ఇంటి దగ్గర ఒంటరిగా వీడియోలు చూస్తూ మూడో వారానికే ఆపేసేవారికి ఈ వాతావరణమే మందు.

అయితే కొన్నేళ్ల కిందట నేను చేరిన ఒక శిక్షణ కేంద్రంలో నాలుగు వారాల పాటు ప్రక్రియల పేర్లను వరుస తప్పకుండా వల్లె వేయించారు తప్ప, ఏ పని ఏ రోజుల్లో జరగాలో అడ్డగీతలుగా చూపే గాంట్ చార్టును ఒక్కటి కూడా చేతితో గీయించలేదు. రిస్క్ రిజిస్టర్‌కూ ఇష్యూ లాగ్‌కూ తేడా అడిగితే, మొదటిది ఇంకా జరగనిదాన్నీ రెండోది ఇప్పటికే జరిగినదాన్నీ రాసేదన్న ఒక్క వాక్యం చెప్పడానికి శిక్షకుడు మెటీరియల్ తిరగేయాల్సి వచ్చింది. కాబట్టి డెమో క్లాసులో ఈ ఒక్క ప్రశ్న అడిగి చూడండి, దాంతోపాటు శిక్షకుడు స్వయంగా ఏ ప్రాజెక్టు నడిపించాడో, సిలబస్ ఏ సంవత్సరానిదో కూడా కనుక్కోండి. పీఎంఐ గుర్తింపు ఉన్న భాగస్వామినని చెప్పుకుంటే, ఆ పేరు పీఎంఐ వెబ్‌సైటులో ఉందో లేదో చూసుకోవడానికి రెండు నిమిషాలు చాలు. అనుభవం లేకపోయినా పీఎంపీ దరఖాస్తులో "మేము నింపి పెడతాం" అన్నచోట ఒక్క నిమిషం కూడా కూర్చోవద్దు, ఎందుకంటే రేపు ఆడిట్ వస్తే సంతకం మీది.

నా సిఫార్సులు

సాఫ్ట్‌వేర్‌లో ఒకటి రెండేళ్ల అనుభవం ఉన్న డెవలపర్, టెస్టర్ అయితే ముందు స్క్రమ్ గైడ్ చదివి, పది మంది లోపు జట్టుకు ఉచితంగా దొరికే జిరా అనే పనుల పట్టిక సాఫ్ట్‌వేర్‌లో మీ సొంత పనినే రెండు స్ప్రింట్లు నడిపించి, పీఎస్‌ఎమ్ రాయండి; ఆ తర్వాతి ఆరు నెలల్లో గూగుల్ కోర్సులో బడ్జెట్, రిస్క్, స్టేక్‌హోల్డర్ల (పనితో సంబంధమున్నవారి) భాగాలను మాత్రమైనా చదివితే స్క్రమ్ వదిలేసిన ఖాళీలు పూడతాయి. బీకామ్ వంటి నేపథ్యంతో కొత్తగా కొలువు వెతికేవారికి గూగుల్ కోర్సు, ఆ వెనుక క్యాప్‌ఎమ్. సివిల్, మెకానికల్ వారికి ఎన్‌పీటెల్, ప్రైమవెరా. చదువు ఆపేసి కొన్నేళ్లయ్యాక తిరిగి కొలువులోకి రావాలనుకునే గృహిణులకు కూడా నేను గూగుల్ కోర్సునే సూచిస్తాను. అది ఏ వేళ వీలైతే ఆ వేళ సాగుతుంది, పైగా పెళ్లిళ్లు, ఇంటి మరమ్మతులు, పిల్లల చదువుల మధ్య వారు ఇప్పటికే నడిపిన పనులకు ఈ రంగంలో ఏ పేర్లున్నాయో చెబుతుంది.

ఏ సర్టిఫికెట్ తీసుకున్నా, కొత్తవారిని నేరుగా ప్రాజెక్టు మేనేజర్‌గా తీసుకునే సంస్థలు అరుదు. వెతకాల్సిన కొలువు పేర్లు ప్రాజెక్టు కోఆర్డినేటర్, పీఎంఓ (ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ ఆఫీసు) అనలిస్ట్, ప్లానింగ్ ఇంజినీర్, ప్రాజెక్టు అసోసియేట్. ఆ ఇంటర్వ్యూకు సర్టిఫికెట్‌తో పాటు, మీరు నడిపిన ఒక చిన్న పనికి రాసిన చార్టర్, గాంట్ చార్టు, రిస్క్ రిజిస్టర్ తీసుకెళ్లండి. కాలేజీ ఫెస్ట్‌దైనా ఫరవాలేదు.

ఇక పరీక్ష నమోదు దగ్గర తెలుగువారికి ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు ఒకటుంది. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా, ఆధార్‌లో పేరుకు ముందో వెనుకో ఉంటుంది. పీఎంఐ ఖాతాలో రాసే పేరు, పరీక్ష రోజున చూపించే గుర్తింపు పత్రంలోని పేరు అక్షరం తేడా లేకుండా సరిపోవాలి. ఖాతా తెరిచే రోజునే పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని, అందులో ఎలా ఉందో అలాగే రాయండి. పాస్‌పోర్టు లేకపోతే, పరీక్ష తేదీ తీసుకోవడానికి కనీసం రెండు నెలల ముందే దానికి దరఖాస్తు పెట్టండి. మీ పరీక్ష ప్రణాళికలో క్రిటికల్ పాత్ మీద పడే మొదటి ముక్క బహుశా అదే అవుతుంది.